విజయోత్సవములో బందీ

తిరుమలలో మహాద్వారము దాటి ఆలయములోనికి అడుగిడినవారికి మూడు రాగి ప్రతిమలు కనబడును. నడుమ శ్రీకృష్ణదేవరాయలు, ఇరుప్రక్కల తిరుమలదేవి, చిన్నాదేవి. ముగ్గురును చేతులు జోడించి నిలిచియున్నారు. 1514లో గజపతులనుండి ఉదయగిరి దుర్గమును గెలుచుకొన్న పిమ్మట రాయలు కొండకు వచ్చి 30,000 వరహాలతో స్వామికి కనకాభిషేకము చేయించినాడు. తరువాత కళింగముపై దండెత్తి పొట్నూరులో జయస్తంభము నాటించినవాడును ఆయనయే. ఆ స్తంభము పలికే భాష వేరు, ఈ జోడించిన చేతులు పలికే భాష వేరు. రెండును ఒకే రాజువి, ఒకే పరంపరలోని విజయములవి.

గెలిచినవాడు ఆ గెలుపును ఏమి చేసికొనవలెనన్న ప్రశ్న మన సీమకు క్రొత్త కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై అశోకుడు చెక్కించిన పదమూడవ శాసనము కళింగయుద్ధములో చచ్చినవారిని, చెరపట్టబడినవారిని లెక్కించి, పశ్చాత్తాపపడి, ధర్మవిజయమే ముఖ్యమైన విజయమని ప్రకటించుచున్నది. భారతమునకు జయమని పేరు కలదు గదా. ఆ జయము చేతికందిన దినమున ధర్మరాజు ఏడ్చినంతగా ఓడినవారెవరును ఏడ్చియుండరు. కొడుకులు లేని సింహాసనమది. కనుక తెలుగు పాఠకుడు బైబిలును తెరచునప్పటికే విజయమన్న మాటను గూర్చి అతనికి కొంత అనుమానము, కొంత అనుభవము ఉండనే ఉన్నవి. ఆ అనుమానమును వెంటబెట్టుకొని చదివినవారికే ఆ గ్రంథములోని విజయము బాగుగా పట్టుబడునని నా నమ్మకము.

పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన రెండవ పత్రికలో, రెండవ అధ్యాయము చివర, ఒక వాక్యమున్నది. దేవుడు తమ్మును క్రీస్తునందు విజయోత్సవముతో ఊరేగించుచున్నాడని, తమ ద్వారా ఒక సువాసనను అంతటను వెదజల్లుచున్నాడని దాని భావము. తిరుపతి ప్రాంతపు పిల్లవానికి ఊరేగించుట అన్న మాట వివరింపనక్కరలేదు. బ్రహ్మోత్సవములలో తొమ్మిది దినములు మలయప్పస్వామి నాలుగు మాడవీధులలో వాహనములపై ఊరేగుట, అయిదవనాటి రాత్రి గరుడసేవకు జనము పోటెత్తుట అతడు చూచినవాడో, విన్నవాడో. మన భాషలో ఊరేగువాడు పూజ్యుడు. దేవుడు గాని, పెండ్లికొడుకు గాని, సన్మానితుడైన పండితుడు గాని కావలెను. అందుచేత ఆ వాక్యమును తెలుగులో చదివినవాడు పౌలును పల్లకిలో కూర్చుండబెట్టును. ఇందులో మన అనువాదకుల దోషము పెద్దగా లేదు. 1611 నాటి ఆంగ్ల బైబిలుకూడ దేవుడు తమచేత జయభేరి మ్రోగించుచున్నాడన్న అర్థముననే ఆ మాటను తీసికొన్నది.

గ్రీకు మూలమున ఉన్న క్రియ థ్రియాంబ్యుయో. క్రొత్త నిబంధన అంతటిలోను అది రెండే చోట్ల వచ్చును. ఇక్కడ ఒకమారు, కొలొస్సయుల పత్రికలో ఒకమారు. ఒక మనిషిని కర్మగా పెట్టి ఆ క్రియను వాడినప్పుడు నాటి గ్రీకు రచయితల వాడుకలో దాని అర్థము ఒకటే: ఓడిన శత్రువును విజయయాత్రలో నడిపించి చూపుట. అనగా పౌలు ఆ ఊరేగింపులో రథముపైన లేడు. రథమునకు ముందు, సంకెలలతో నడచుచున్నాడు.

రోమునగరపు విజయయాత్ర ఎట్టిదో కొంత చెప్పవలెను. గెలిచిన సేనాని నాలుగు గుఱ్ఱముల రథముపై, లారెలు ఆకుల కిరీటముతో, జూపిటరు దేవుని వేషమున నగరములోనికి వచ్చును. అతని ముందు దోచిన సొత్తు, ఓడిన నగరముల చిత్రపటములు, బలికి తెచ్చిన ఎద్దులు, ఆ వెనుక బందీలు. వీధి పొడుగునను గుడుల తలుపులు తెరచి ధూపము వేయుదురు. బందీలలో ముఖ్యులను పలుమార్లు ఆ దినముననే చంపివేయుట ఆచారము. గాలు జాతి నాయకుడు వెర్సింజెటోరిక్సును జూలియస్ సీజరు క్రీ.పూ. 46లో ఊరేగించి అటుపిమ్మట చంపించినాడు. క్రీ.శ. 71లో యెరూషలేము దోపిడి సొమ్ముతో వెస్పాసియను, టైటసులు జరిపిన ఉత్సవములో సీమోను బర్ గియోరాకును అదే గతి పట్టినది. యూదుల దేవాలయపు ఏడు కొమ్మల దీపస్తంభమును సైనికులు మోసికొనిపోవుచున్న శిల్పము టైటసు తోరణముపై నేటికిని ఉన్నది.

ప్లూటార్కు వర్ణించిన ఒక విజయయాత్ర మాత్రము ఈ సందర్భమున మరువరానిది. క్రీ.పూ. 167లో ఎమీలియస్ పౌలస్ అను సేనాని మాసిదోనియాను జయించి మూడు దినములు ఉత్సవము చేసినాడు. మాసిదోనియా రాజు పెర్సియుసు ఈ అవమానము తప్పించుమని బతిమాలుకొన్నను వినక అతనిని నడిపించినారు. అతని పసిపిల్లలుకూడ నడచినారు. తమకేమి జరిగినదో తెలియని ఆ పిల్లలను చూచి రోమను జనమే కన్నీరు పెట్టినారట. ఇక గెలిచినవాని సంగతి. ఉత్సవమునకు అయిదు దినములు ముందు అతని కుమారుడొకడు చనిపోయినాడు, మూడు దినములు తరువాత మరియొకడు. మన శాంతిపర్వము చదివినవారికి ఈ కథ ఎక్కడో విన్నట్లే ఉండును.

పౌలు ఈ పత్రికను వ్రాసినది మాసిదోనియానుండి. వ్రాసినది కొరింథువారికి. కొరింథును రోమను సేనాని ముమ్మియసు క్రీ.పూ. 146లో నేలమట్టము చేసి, అక్కడి శిల్పములను, సొమ్మును రోముకు తరలించినాడు. నూరేండ్లకు సీజరు దానిని మరల రోమను వలసగా కట్టించినాడు. ఓడి ఊరేగింపబడిన దేశమునుండి, దోపిడి జరిగిన నగరమునకు, రోమను రాజ్యపు ప్రజ ఒకడు ఉత్తరము వ్రాయుచు, నేను దేవుని విజయయాత్రలో నడుచుచున్న బందీని అని చెప్పుకొన్నాడు. ఈ పోలికలోని వాడి ఆ పాఠకులకు తగులకపోయి ఉండునా? అక్కడి సంఘములో కొందరు పౌలును బలహీనుడని, ఎదుటపడినప్పుడు మాటలో పస లేనివాడని చులకన చేయుచుండిరి. వారికి అతడిచ్చిన సమాధానము నేను బలవంతుడననుట కాదు. సువాసన మాటకూడ ఆ వీధి ధూపమునుండి వచ్చినదేయని పలువురు వ్యాఖ్యాతల అభిప్రాయము. ఒకే ధూపము రథముపై ఉన్నవానికి జీవపు వాసన, సంకెలలో ఉన్నవానికి చావు వాసన. పౌలు ఆ రెండు వాసనలను పక్కపక్కనే చెప్పినాడు.

కొలొస్సయుల పత్రికలోని రెండవ చోటు ఇంకను విపరీతము. అక్కడ ఊరేగింపబడినవి లోకమునేలు ప్రధానులు, అధికారములు. ఊరేగించినది సిలువ. రోమను చట్టములో సిలువ బానిసలకును తిరుగుబాటుదారులకును వేయు శిక్ష. ఉరికంబమునే రథమనుట వంటిది ఈ మాట.

పాత నిబంధనలో విజయమునకు హీబ్రూభాషవారు వాడిన మాటలలో ముఖ్యమైనది తెషూఆ. దానికి విజయమనియు, రక్షణమనియు రెండర్థములు. యుద్ధము గెలుచుట అనగా అపాయమునుండి బయటపడుట, బయటపడవేసినవాడు దేవుడు. యేసు అన్న పేరుకూడ ఆ ధాతువు చుట్టపుదే. గాడిదపై ఎక్కి వచ్చు రాజును గూర్చి జెకర్యా ప్రవక్త చెప్పినచోట వాడిన మాటను అక్షరాల చూచినచో అది గెలిచినవాడని కాదు, రక్షింపబడినవాడని అర్థమిచ్చును. మన ఊళ్లలో మట్టల ఆదివారమునాడు పిల్లలు మట్టలు పట్టుకొని వీధులవెంట పాడుచు పోవుచుందురు. వారి నోట పలుకు హోసన్న అన్న శబ్దము జయజయధ్వానముగా వినబడునే గాని, మొదట అది మమ్ము రక్షింపుమను మొర. జయజయధ్వానములో మొర దాగియుండుట ఆ భాష విశేషము.

యోహాను పేర వెలసిన రచనలలో జయించుట అన్న క్రియ విరివిగా వచ్చును. క్రొత్త నిబంధనలోని ప్రయోగములలో సగమునకు పైగా ఒక్క ప్రకటన గ్రంథములోనే ఉన్నవి. అందులో అయిదవ అధ్యాయమున సింహము జయించినదని ఒక పెద్ద చాటును. చూచువాడు తల తిప్పి చూడగా కనబడినది సింహము కాదు, వధింపబడినట్లున్న గొఱ్ఱెపిల్ల. విద్యార్థులు గమనింపదగిన సంగతి మరియొకటి కలదు. ఆ గ్రంథములోనే క్రూరమృగము పరిశుద్ధులను జయించినదని ఒకచోట, ఆ పరిశుద్ధులే జయించినారని ఇంకొకచోట, ఒకే గ్రీకు క్రియతో చెప్పబడినది. చంపినవాడును జయించినాడు, చచ్చినవాడును జయించినాడు. ఎవరి జయము జయమో తేల్చుటకు గ్రంథకర్త నిఘంటువు మార్చలేదు, చూపు మార్చినాడు. ఇట్టి రచనను పరీక్షకు సందర్భసహిత వ్యాఖ్యగా ఇచ్చిన ఉపాధ్యాయుడు ధన్యుడు, వ్రాయవలసిన పిల్లవాని సంగతి వేరు!

ఈ గ్రంథము మన సీమకు వచ్చిన తీరుకూడ ఈ విచారణకు సంబంధించినదే. 1853లో స్కడ్డరు సోదరులు ముగ్గురు ఆర్కాటు మిషనును స్థాపించినారు. చిత్తూరు, పలమనేరు, మదనపల్లెలు దాని కేంద్రములైనవి. ఆ మిషనువాడైన జేకబ్ చాంబర్లేను 1860లో వచ్చి, మదనపల్లెలో స్థిరపడి, 1908లో మరణించువరకు పనిచేసినాడు. తెలుగు బైబిలును సంస్కరించిన సంఘమునకు 1873 నుండి 1894 వరకు అధ్యక్షుడుగా ఉన్నాడు. ఆ తరపు మిషనరీల వ్రాతలు చదివినచో దండయాత్ర, కోట, ధ్వజము, ఆక్రమణ అను మాటలు అడుగడుగునను తగులును. అవి వారి కాలపు సామ్రాజ్యపు భాషనుండి దిగినవి. రథము ఎవరిదో, సంకెల ఎవరిదో వారు కొంత తారుమారుగా చూచినారని నా అభిప్రాయము. ఏండ్ల తరబడి తెలుగు మాటలు వెదకిన చాంబర్లేను వంటివాడు చేసిన ఓర్పు పని ఆ యుద్ధభాషకంటె పౌలుకు దగ్గరగా ఉన్నది.

ఇంకను దగ్గరైన స్థలమొకటి మదనపల్లె ప్రక్కనే కలదు. 1915లో పలు మిషనులు కలిసి అక్కడ క్షయరోగ సానిటోరియమును నెలకొల్పినవి. ఆ చోటు పేరు ఆరోగ్యవరము. డెన్మార్కు దేశస్థుడైన క్రిస్టియన్ ఫ్రిమోట్ మొల్లరు దాని మొదటి అధికారి, తరువాత డాక్టరు పి.వి. బెంజమిన్ దానిని నడపినాడు. స్ట్రెప్టోమైసిను కనుగొనబడినది 1943లో. అంతకు ముందు ఏండ్ల తరబడి ఆ కొండగాలిలో వైద్యులు ఇవ్వగలిగినది విశ్రాంతి, మంచి తిండి, శుభ్రమైన గాలి, కొందరికి ఊపిరితిత్తిని అణచి ఉంచు శస్త్రచికిత్స. నయమై ఇంటికి పోయినవారున్నారు, పోనివారును ఉన్నారు. మరణము విజయములో మ్రింగివేయబడినదని పౌలు చెప్పిన అధ్యాయమును రోగి మంచమువద్ద చదువుటకును, సభలో చదువుటకును చాల భేదమున్నది. పౌలు యెషయాను, హోషేయను కలిపి అల్లిన ఆ వాక్యములు సమాధివద్ద చదువబడుటకే పుట్టినట్లుండును. ఈస్టరు తెల్లవారుజామున మన క్రైస్తవులు శ్మశానమునకు పోయి కొవ్వొత్తులు వెలిగించి పాడుట చూచినవారికి ఇది తెలియును. చచ్చినవారు అక్కడనే ఉన్నారు, పాటయు అక్కడనే ఉన్నది.

ఆరోగ్యవరపు కథ అంతటితో ఆగలేదు. 1948లో దేశమున బి.సి.జి. టీకా ప్రయత్నము మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. క్షయను జయించితిమన్న ఆశ ఆనాడు బలముగా ఉండెను. 1956లో మదరాసులో ఆరంభమై 1959లో వెలువడిన పరిశోధన, మందులు సరిగా వాడినచో ఇంటివద్దనున్న రోగికిని సానిటోరియములోని రోగికిని ఫలితములో పెద్ద భేదము లేదని తేల్చినది. సానిటోరియములు పుట్టిన కారణమునే ఆ ఫలితము తీసివేసినది. ఒక ఆస్పత్రికి ఇట్టి ఓటమికంటె గొప్ప గెలుపేమి కావలెను? కాని గెలుపు పూర్తి కాలేదు. 1968లో చెంగల్పట్టు ప్రాంతమున మొదలైన పెద్ద పరీక్షలో ఆ టీకా పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఆపలేదని తేలినది. ఈనాటికిని లోకములోని క్షయరోగులలో సుమారు నాలుగవ వంతు మన దేశముననే ఉన్నారు. ఆరోగ్యవరము ఇప్పుడు ఇతర రోగములకును వైద్యము చేయు ఆస్పత్రి.

రోమీయుల పత్రికలో పౌలు హూపెర్‌నికోమెన్ అను ఒక మాట వాడినాడు. క్రొత్త నిబంధనలో అది మరెక్కడను లేదు. గెలుపును మించిన గెలుపు అని దాని భావము, తెలుగులో అత్యధిక విజయమని చేసినారు. ఆ మాటకు ముందు అతడు ఇచ్చిన పట్టికలో ఉన్నవి శ్రమ, బాధ, హింస, కరవు, వస్త్రహీనత, ఉపద్రవము, ఖడ్గము. వాటినుండి తప్పించుకొని అని అతడు వ్రాయలేదు, వాటన్నిటిలోను అని వ్రాసినాడు.

మరల కొరింథీయుల పత్రికకు వచ్చినచో, ఆ వాక్యమును తెలుగులో ఎట్లు తిరుగవ్రాయవలెనన్నది తేలని సమస్య. చెరపట్టి నడిపించుచున్నాడన్నచో బందీ కనబడును, ఉత్సవము మాయమగును. ఊరేగించుచున్నాడన్నచో ఉత్సవముండును, సంకెల మాయమగును. భాషాపండితులైన ఉపాధ్యాయులు తమ తరగతులలో దీనిని పిల్లలముందు పెట్టి చూడవచ్చును. మాడవీధులు ఎరిగిన పిల్లలు పెద్దలకు తోచని మాట చెప్పినను చెప్పుదురు.