వరికోతకు ముందే మినుము

కృష్ణా గోదావరి డెల్టాలలో వరికోత కాగానే చేనిపని తీరినదని కూర్చుండు రైతులు నేటికిని కొందఱు గలరు. నేలయందలి తేమ మాత్రము వారికొఱకు కాచుకొని యుండదు. మాగాణి నెఱ్ఱెలు విచ్చిన పిదప చేయగలది లేదు. ఆ తేమయే మినుమున కాధారము.

కావున కోతకు రెండుమూడు దినములు ముందుగా, నిలిచియున్న వరిచేనిలోనే, ఎకరమునకు 16 మొదలు 18 కిలోల మినుములు వెదజల్లవలెను. నవంబరు నడుమనుండి డిసెంబరు చివరివఱకు అదను. దుక్కి యక్కఱలేదు. అడుగు వేసిన జాడ పడవలెను గాని అందు నీరూరరాదు. మేమొకయేట కూలీలు దొరకిన పిదప చూతమని జాగుచేసి, కోసిన నాలుగవనాడు చల్లితిమి. మొలచినది సగమే. విత్తనపు వెల యటుండగా, ఆ యేటి మినుముపంటయే చేజాఱినది.

పనలను చేనిలో నెక్కువ దినములుంచినచో క్రింది మొలకలు పాలిపోవును; త్వరగా కుప్ప వేయుడు. యంత్రముతో కోయించువారికి ఈ పద్ధతి అంతగా పొసగదు, మొలకలు చక్రముల క్రింద నలుగును. వారు కోత కాగానే, తేమ యాఱకమునుపే, గొఱ్ఱుతో విత్తుట మేలు.

ఇక బంగారుతీగ. నేలలో వేరు లేకయే యీ పసుపుపచ్చని తీగ మొక్కను అల్లుకొని రసము పీల్చును. విత్తనమును జల్లెడపట్టి దాని గింజలను ముందే తొలగింపుడు. చేనిలో కనబడెనా, పూయకమునుపే మినుముమొక్కతోగూడ పెఱికి కాల్చుడు. పొరుగువాని చేనిలోనిదని యూరకుండరాదు. గింజలకు గట్లు అడ్డుగావు.