స్టీరింగ్ మీద మూడో చెయ్యి

1911లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, వేన్ కౌంటీ రోడ్ల కమిషనర్ ఎడ్వర్డ్ హైన్స్ ట్రెంటన్ ఊరి రివర్ రోడ్డు మధ్యన తెల్లగీత గీయించాడు. కారుతూ వెళ్లిన ఒక పాలబండి రోడ్డుమీద వదిలిన చారను చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందని చెప్తారు. ఆ గీత మనిషి కంటికోసం గీసినది. దానికి ఎంత దగ్గరగా పోవాలో, ఎప్పుడు దాటాలో నడిపేవాడే తేల్చుకునేవాడు. ఇప్పుడు అదే గీతను అద్దం వెనకాల కూర్చున్న కెమెరా చూస్తోంది, చూసి స్టీరింగ్‌ను తనే తిప్పుతోంది. లేన్ సెంటరింగ్ అని దీనికి పేరు. కారును లేన్‌కి నడిమధ్యన పట్టి ఉంచడం దీని పని. కొత్త కార్లు కొన్నవాళ్లలో దీన్ని మెచ్చుకునేవాళ్లు ఉన్నారు, విసుక్కుని ఆపేసేవాళ్లూ ఉన్నారు. ఆ విసుగుకి కారణాలు చాలావరకు యంత్రం పుట్టుకలోనే ఉన్నాయి.

మొదట్లో రోడ్డుకే తెలివి పెట్టాలనుకున్నారు. 1950ల చివర్లో జనరల్ మోటార్స్, ఆర్‌సీఏ కంపెనీలు కలిసి రోడ్డులో తీగలు పాతి, వాటి వెంబడి కారును నడిపించి చూశాయి. దేశమంతా రోడ్లు తవ్వి తీగలు వేసేదెవరు? ఆ దారి అక్కడే మూసుకుపోయింది. తెలివిని కారులోకి తెచ్చినవాడు జర్మన్ ప్రొఫెసర్ ఎర్నెస్ట్ డిక్‌మన్స్. మ్యూనిక్‌లోని సైనిక విశ్వవిద్యాలయంలో ఆయన బృందం ఐదు టన్నుల మెర్సిడెస్ వ్యాన్‌కి కెమెరాలు బిగించి, 1987లో ఖాళీ ఆటోబాన్ మీద గంటకు 96 కి.మీ. వేగంతో నడిపించింది. 1995లో వాళ్ల కారు మ్యూనిక్ నుంచి డెన్మార్క్‌లోని ఓడెన్స్ దాకా, మామూలు ట్రాఫిక్‌లో, ఒక్కోచోట 175 కి.మీ. వేగం అందుకుంటూ వెళ్లింది. మనిషి చెయ్యి పెట్టకుండా ఏకబిగిన నడిచిన అతిపెద్ద దూరం 158 కి.మీ. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పొడవు కూడా సరిగ్గా అంతే. పోలిక కాకతాళీయమే అయినా, ఒక చుట్టు పూర్తయ్యేదన్నమాట.

అదే ఏడాది అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు డీన్ పోమర్లో, టాడ్ జోకెమ్ పిట్స్‌బర్గ్ నుంచి శాన్ డియాగోకి సుమారు 4,585 కి.మీ. వెళ్లారు. అందులో 98.2 శాతం దూరం స్టీరింగ్ పని కంప్యూటర్‌దే. ఆక్సిలరేటర్, బ్రేకు మాత్రం వీళ్ల కాళ్ల కింద ఉన్నాయి. గీతలు సరిగా కనపడని చోట, లేన్ మధ్యన బండ్లనుంచి కారిన నూనె మరకల నల్లచారను కూడా వాళ్ల ప్రోగ్రాం ఆనవాలుగా పట్టుకునేది. పాలచార నుంచి నూనెచార దాకా వచ్చింది కథ.

ప్రయోగశాలలోంచి షోరూంలోకి రావడానికి మరొకటి కావలసివచ్చింది: స్టీరింగ్‌ను తిప్పగల కరెంటు మోటారు. అది 1988లో జపాన్‌లో సుజుకి సెర్వో అనే చిన్న కారుతో ముందే వచ్చింది. చేతికి శ్రమ తగ్గించడానికి పెట్టిన ఆ మోటారుకి కెమెరా ఆజ్ఞలివ్వడం మొదలుపెడితే లేన్ అసిస్ట్ తయారైనట్టే. 2001లో నిస్సాన్ సీమా, 2003లో హోండా ఇన్‌స్పైర్ జపాన్ మార్కెట్లోకి దీన్ని తెచ్చాయి.

ఇది పనిచేసే తీరు ఇదీ: కెమెరా ముందున్న గీతలను గుర్తిస్తుంది, కంప్యూటర్ వాటిని వంపురేఖలుగా మార్చుకుంటుంది. మధ్యరేఖ నుంచి కారు ఎంత పక్కకుంది, ఏ కోణంలో పోతోంది, ముందు వంపు ఎంత అని లెక్కకట్టి మోటారుకి చెప్తుంది. మోటారు బలానికి కావాలనే హద్దు పెట్టారు. ఐక్యరాజ్యసమితి 79వ నిబంధన ప్రకారం డ్రైవరు దాన్ని కాదని తిప్పడానికి 50 న్యూటన్లకు మించిన బలం అవసరం కాకూడదు. అంటే ఐదు కిలోల బరువు ఎత్తినంత. గెలుపు మనిషిదేనని చట్టం హామీ ఇస్తోంది. పెనుగులాట ఉండదని మాత్రం ఎక్కడా చెప్పలేదు.

అసలు చిక్కు "మధ్య" దగ్గరే ఉంది. మనిషి లేన్ మధ్యలో నడపడు. పక్కనుంచి పెద్ద లారీ వస్తుంటే ఒక జానెడు అవతలికి జరుగుతాడు. మలుపులో లోపలి అంచుకి దగ్గరగా పోతాడు. 1994లో మైకేల్ ల్యాండ్, డేవిడ్ లీ అనే శాస్త్రవేత్తలు ఎడిన్‌బరాలోని ఒక వంకర రోడ్డు మీద డ్రైవర్ల చూపును కొలిచారు. మలుపు రావడానికి ఒకటి రెండు సెకన్ల ముందే వాళ్ల కళ్లు లోపలి అంచు ఒంపుతిరిగే చోటికి చేరుతున్నాయని తేలింది. మన చేతులు రాబోయే దానికోసం ముందే సిద్ధపడతాయి. యంత్రం జరిగిన తప్పును దిద్దుకుంటూ పోతుంది. ఆ దిద్దుబాటులో కాస్త ఆలస్యం కలిస్తే కారు ఈ గీతకీ ఆ గీతకీ మధ్య బంతిలా కొట్టుకుంటుంది.

మిగతా ఫిర్యాదులన్నీ దీని పిల్లలే. హైవేలోకి పక్కదారి కలిసేచోట లేన్ ఒక్కసారిగా వెడల్పవుతుంది, కారు దాని కొత్త మధ్యకోసం పక్కకి ఉరుకుతుంది. పగుళ్లకు పూసిన తారు సాయంత్రపు ఎండలో మెరిస్తే అదీ గీతలాగే కనపడుతుంది. గుంతను తప్పించబోతే, సైకిలువాడికి చోటివ్వబోతే, ఇండికేటర్ వెయ్యలేదు కాబట్టి పొరపాటున పక్కకి పోతున్నావనుకుని వెనక్కి లాగుతుంది. పక్కసీట్లో కూర్చున్న బాబాయి చెప్పాపెట్టకుండా స్టీరింగ్ పట్టుకుని లాగినట్టుంటుంది. బాబాయినైతే కోప్పడొచ్చు. అమెరికాలో బీమా కంపెనీల నిధులతో నడిచే హైవే భద్రతా సంస్థ 2018లో ఐదు కార్లను పరీక్షించినప్పుడు, కొండ ఎక్కి దిగేచోట గీతలు కెమెరాకి అందక కొన్ని తడబడ్డాయి. ఇంతకన్నా నాకు భయం వేసేది నిశ్శబ్దంగా చేతులెత్తేయడం. మలుపు మరీ బిగుతైతే కొన్ని కార్లు ఒక చిన్న పచ్చ బొమ్మను బూడిదరంగులోకి మార్చి ఊరుకుంటాయి.

పైగా చేతులు తియ్యొద్దంటుంది. చాలా కార్లలో చేతులున్నాయని కనిపెట్టేది స్పర్శ ద్వారా కాదు, మెలిక ద్వారా. తిన్నని రోడ్డు మీద రెండు చేతులూ తేలిగ్గా పట్టుకుని బుద్ధిగా కూర్చున్నవాడికి మెలిక పెట్టే పనేముంది? 79వ నిబంధన ప్రకారం పదిహేను సెకన్లు దాటకముందే హెచ్చరిక రావాలి, వస్తుంది. అప్పుడు కాస్త కదపాలి. గట్టిగా కదిపితే మొత్తం ఆగిపోతుంది. ఈ పోరు పడలేక స్టీరింగ్‌కి బరువులు తగిలించేవాళ్లు బయల్దేరారు. అలాంటి ఒక పరికరం అమ్మకాన్ని 2018లో అమెరికా ప్రభుత్వం ఆపించింది. స్పర్శను పసిగట్టే స్టీరింగ్‌లు, డ్రైవరు కళ్లను చూసే కెమెరాలు తర్వాత వచ్చాయి. నయమే కానీ ఖరీదైన కార్లతో మొదలయ్యాయి.

2019లో జేడీ పవర్ సంస్థ అమెరికాలో చేసిన సర్వేలో లేన్ అసిస్ట్ ఉన్నవాళ్లలో 23 శాతం మంది దాని హెచ్చరికలు చిరాకు తెప్పిస్తున్నాయన్నారు. వాళ్లలో 61 శాతం మంది అప్పుడప్పుడూ ఆపేస్తున్నారు. యూరప్‌లో 2024 జూలై నుంచి అమ్మే ప్రతి కొత్త కారులోనూ లేన్ దాటకుండా ఆపే అత్యవసర వ్యవస్థ ఉండి తీరాలి. ఆపుకోవచ్చు, ఇంజన్ మళ్లీ వేయగానే అదీ మళ్లీ మేలుకుంటుంది.

మన దగ్గర 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ700 లాంటి బండ్లతో ఇది మధ్యతరగతి గుమ్మం దాకా వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద బాగానే పనిచేస్తుంది. దిగి ఊళ్ల దారి పట్టాక కోతల కాలంలో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, ఎదురుదారిలో బైకులు వస్తుంటాయి. గీతలు అసలు లేకపోతే ఇబ్బంది లేదు, యంత్రం తప్పుకుంటుంది. సగం చెరిగి సగం మిగిలిన గీతలతోనే ప్రమాదం.

అందుకని మొత్తం ఆపేయమని నేననను. కారులో ఉన్నవి రెండు వేరువేరు పనులు. లేన్ దాటుతుంటే హెచ్చరించేది ఒకటి, ఎప్పుడూ మధ్యలో పట్టి ఉంచేది ఇంకొకటి. పైన చెప్పిన హైవే భద్రతా సంస్థ లెక్కల్లో మొదటిది లేన్ దాటడంవల్ల జరిగే రకం ప్రమాదాలను 11 శాతం, వాటిలో గాయాలయ్యేవాటిని 21 శాతం తగ్గించింది. రెండోదాన్ని వేగం సర్దుకునే క్రూయిజ్ కంట్రోల్‌తో కలిపి వాడితే ప్రమాదాలు తగ్గుతాయనడానికి గట్టి ఆధారం దొరకలేదని అదే సంస్థ 2024లో ప్రకటించింది. మొదటిది ప్రాణరక్షణ, రెండోది సౌకర్యం. చాలా కార్లలో ఈ రెండింటికీ వేర్వేరు స్విచ్‌లు ఉంటాయి. చిరాకులో ఏది నొక్కుతున్నారో ఒకసారి మాన్యువల్ తిరగేసి చూసుకోండి.