పూలమడిలో గోతులు తీసిందెవరు?

బెంటన్‌విల్, అర్కాన్సాస్: గుంత ఎక్కడ తవ్వాలో, ఎంత లోతు తవ్వాలో కూలీలకు చెప్పడమే సైటు మీద మా పని. అలాంటి మా ఇంటి పెరట్లోనే రాత్రికి రాత్రి ఎవరో పాతిక గుంతలు తవ్వేశారు! బతుకమ్మకని బంతి వేశాం. ఇక్కడ సెలోషియా పేరుతో దొరికే గునుగు కూడా వేశాం. తెల్లారేసరికి సగం మొక్కలు వేళ్లు పైకి తేలి పడున్నాయి.

అనుమానం పక్కింటి కుక్క మీదికి పోయింది. ఆగలేక వెళ్లి "మీ కుక్కను కట్టేసుకోండి" అనేశాం. ఆ పెద్దాయన కోపగించుకోలేదు. మాతో వచ్చి గుంత చూసి, "మా కుక్క రాత్రిళ్లు ఇంట్లోనే పడుకుంటుంది. ఇది ఆర్మడిల్లో పని" అన్నాడు.

ఆ రాత్రి టార్చిలైటు వేసి చూద్దుము కదా, ఒళ్లంతా పెంకుతో, మన అలుగును పోలిన జంతువొకటి ముక్కుతో మట్టి కుళ్లగిస్తోంది. దానికి పూలతో పనిలేదు. మట్టిలోని పురుగులే దాని తిండి. మన వేరుశనగ రైతులను ఏడిపించే వేరుపురుగు లాంటివన్నమాట. చూపు తక్కువ, వాసన పసిగట్టడంలో దిట్ట. తప్పు మాదీ ఉంది. రోజూ సాయంత్రం మడి తడిపి, నేల మెత్తగా చేసి పెట్టింది మేమే.

గుంతను బట్టి దొంగను పట్టొచ్చు. గరాటులా, రెండు మూడు అంగుళాల లోతుంటే ఆర్మడిల్లో. స్కంకు గుంతలూ ఇంచుమించు అలాగే ఉంటాయి. నేల గీతలా ఉబ్బితే మోల్. అదీ పురుగులనే తింటుంది. దుంపలు మాయమైతే ఉడుతను అనుమానించాలి.

విషం పెడదామని ఒక మిత్రుడు అన్నాడు. వద్దన్నాం. ఆర్మడిల్లోకు అనుమతి ఉన్న విషమే లేదు. పెరట్లో ఆడేది మన పిల్లలే. కలరా ఉండలు చల్లినా పెద్దగా ఫలితముండదు, పైగా అవీ విషమే. కొన్ని ఆర్మడిల్లోలలో కుష్ఠు వ్యాధి క్రిములు ఉంటాయి. మనిషికి సోకడం అరుదే అయినా వట్టి చేతులతో ముట్టుకోకూడదు. బోనులో పట్టాలనుకుంటే ముందు అర్కాన్సాస్ గేమ్ అండ్ ఫిష్ కమిషన్‌ను నియమాలు అడగాలి.

మేము జాలీయే నమ్ముకున్నాం. తవ్వే ముందు 811కు ఫోన్ చేశాం. గ్యాస్ పైపులు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో వాళ్లొచ్చి ఉచితంగా గుర్తులు పెడతారు. సైటులో పాటించే నియమం ఇంట్లో మరిస్తే ఎలా? రెండడుగులు పైకి, అడుగు లోతుకు జాలీ దించి, అడుగుభాగాన్ని బయటివైపు వంచాం. ఓజార్క్ నేల నిండా రాళ్లే, గడ్డపార పట్టక తప్పలేదు. తడపడం ఉదయానికి మార్చాం. అద్దె ఇల్లయితే ముందు యజమానిని అడగండి.

ఇప్పుడు గుంతలు జాలీ బయటే పడుతున్నాయి. ఈసారి మా బతుకమ్మ ఎత్తు తగ్గిన మాట నిజమే. పండుగనాడు పక్కింటి పెద్దాయనకు మలీద ముద్దలు ఇచ్చి, తొందరపడి మాట అన్నందుకు క్షమించమని అడిగాం. ఆయన రెండు తిని, మూడోది కుక్కకు పెట్టొచ్చా అని అడిగాడు.