నమూనా ఒకటి, పుటలు లక్ష

పరీక్షా ఫలితములు వెలువడిన నాడు లక్షలాది విద్యార్థులు హాల్ టికెట్టు సంఖ్య నిచ్చి వెబ్ పుటలో మార్కులు చూచుకొందురు. పుట తీరు అందరికిని ఒక్కటే. పేరు, మార్కులు మాత్రమే మారును. ఇన్ని పుటలను ముందుగా వ్రాసి ఉంచువారెవరు? ఎవరును లేరు.

సర్వరు అను కంప్యూటరులో ఒకే నమూనా ఉండును. దీనినే టెంప్లేటు అందురు. ఇది పాఠశాలలోని టి.సి. ఫారము వంటిది: అచ్చుమాటలు స్థిరములు, ఖాళీలలోనివి మారునవి. సంఖ్య అందగానే సర్వరులోని ప్రోగ్రాము డేటాబేసు నుండి వివరములు తెచ్చి, ఖాళీలు పూరించి, పుటను పంపును. శీర్షికలో తప్పున్నచో ఒక్కచోట దిద్దిన చాలును. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ వెలువరించిన పి.హెచ్.పి. ఇట్టి పనికి పేరొందిన సాధనము.

ఇందొక అపాయము కలదు. కొన్ని పుటలలో చదువరి వ్రాసి పంపిన మాటయే ఖాళీలో చేరును. మాటకు బదులు ఎవరైన ఆజ్ఞలు వ్రాసి పంపినచో, ఆ పుటను తెరచిన ఇతరుల కంప్యూటర్లు వానిని పాటించును. పుట భాషలో ఇట్టి ఆజ్ఞల గుర్తు కోణపు బ్రాకెట్టుతో ఆరంభమగును. కావున ఖాళీ పూరించుటకు ముందే ప్రోగ్రాము ఆ బ్రాకెట్టును కేవలము కంటికి కనబడు అక్షరముగా మార్చవలెను. అప్పుడు ఆజ్ఞ అమలు కాదు. వట్టి వ్రాతగా మిగులును.