ఊరంతా పాత్రలే!

ఎండ ఇంకా దిగలేదు. ఊరి బయట మైదానంలో నిటారుగా పాతిన పొడవాటి మాను. కింది నుంచి చివరిదాకా మెట్లలా కొట్టిన కర్రలు, కొసన చిన్న మంచె. దాని చుట్టూ తడి చీరలతో సాష్టాంగపడిన ఆడవాళ్లు... అందరిదీ ఒకటే కోరిక, ఒడి నిండాలని. హార్మోనియం మొదలైంది. కిరీటం పెట్టుకున్న అర్జునుడు మానుకు మొక్కి, పద్యం పాడుతూ ఒక్కో మెట్టూ ఎక్కుతున్నాడు. పాశుపతం కోసం శివుడి మీద తపస్సు అది. కిందున్న జనమంతా తలలెత్తి చూస్తున్నారు. పైకి చేరాక జోలెలోంచి నిమ్మకాయలూ విభూతీ విసురుతాడు. కొంగు చాచి వాటిని అందుకునేవాళ్లకి, అతను నిన్న రాత్రి నాటకంలో వేషం కట్టిన మనిషన్న సంగతి గుర్తుండదు. ఆ క్షణానికి అతను అర్జునుడే!

చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల పల్లెల్లో ఎండాకాలం వచ్చిందంటే ఈ దృశ్యం ఏదో ఒక ఊళ్లో కనిపిస్తూనే ఉంటుంది. పుత్తూరు, నగరి, శ్రీకాళహస్తి, చంద్రగిరి... ద్రౌపదమ్మ గుడో, ధర్మరాజుల గుడో ఉన్నచోటల్లా ఇదే సందడి. ‘మా ఊళ్లో భారతం పెట్టినారు, వచ్చి పోండి’ అని చుట్టాలకు కబుర్లు వెళ్తాయి. గమనించారా? భారతం ‘చదువుతున్నారు’ అనరు, ‘ఆడుతున్నారు’ అనరు. ‘పెట్టినారు’ అంటారు. ఇంట్లో పెళ్లి పెట్టుకున్నట్టు!

మధ్యాహ్నం కథ... రాత్రి ఆట

కురుక్షేత్రం పద్దెనిమిది రోజులు జరిగింది. ఊళ్లో భారతమూ మామూలుగా పద్దెనిమిది రోజులే. మధ్యాహ్నం వేళ పందిట్లో భాగవతార్ హరికథ చెబుతారు. భోజనాలు ముగించుకుని, పిల్లల్ని చంకనేసుకుని వచ్చి కూర్చుంటారు ఆడవాళ్లు. పగలు కథలో ఏ ఘట్టం విన్నారో, రాత్రికి దాన్నే వీధి నాటకంగా చూస్తారు. కథ అన్ని రోజులూ ఉంటుంది కానీ, నాటకాలు ఎన్ని రాత్రులన్నది ఊరి స్తోమతను బట్టి ఉంటుంది. ఏ రోజు ఖర్చుకు ఆ రోజు ఉభయదారులు ఉంటారు. ఒకరు పందిరి, ఒకరు దీపాలు, ఇంకొకరు కళాకారులకు భోజనాలు... ఇలా తలా ఒక బాధ్యత. టిక్కెట్టన్న మాటే లేదు.

నన్నయ పదకొండో శతాబ్దంలో మొదలుపెట్టిన భారతాన్ని పదమూడో శతాబ్దంలో తిక్కన, పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూర్తి చేశారు. ఆ గ్రంథం పేరు కూడా వినని రైతుకూలీ, కర్ణుడు కవచకుండలాలు ఎందుకిచ్చాడో, ఇచ్చి ఏం పోగొట్టుకున్నాడో పూస గుచ్చినట్టు చెబుతాడంటే అందులో గొప్ప వాటా ఈ పందిళ్లదే. అక్షరం రానివాళ్లకు ఇది ఏటేటా తెరుచుకున్న బడి.

ప్రేక్షకులు కారు... చుట్టాలు!

పట్నంలో నాటకమంటే ఒకవైపు వేదిక, ఒకవైపు కుర్చీలు. ఇక్కడ ఆ గీత ఉండదు. ద్రౌపదీ కల్యాణం నాడు ఊరంతా పెళ్లివారే. బకాసుర వధ నాడు భీముడి వేషం కట్టిన మనిషి బండెక్కి వీధులన్నీ తిరుగుతాడు. ఏకచక్రపురంలో వంతు ప్రకారం బండెడు అన్నం పంపిన కథ తెలిసిందే కదా! ఆ అన్నం ఇక్కడ ఇళ్లలోంచి వస్తుంది. ఇంటి ముందు బండి ఆగగానే ఇల్లాలు వండిపెట్టుకున్నది తెచ్చి ఇస్తుంది. అంటే ఆ పూట ఆమె చూసేది నాటకం కాదు, ఆమే ఏకచక్రపురం ఇల్లాలు. వస్త్రాపహరణం రాత్రి పెద్దవాళ్లు చేతులు జోడిస్తారు. తపస్సు మాను దగ్గర పిల్లల కోసం వరపడే ఆడవాళ్లు లేకపోతే అర్జునుడు ఎక్కినా ఆ ఘట్టం వెలితిగానే ఉంటుంది.

వేషం కట్టడం మొక్కు తీర్చుకోవడం లాంటిదన్న నమ్మకం ఈ నేలకు కొత్త కాదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరనే చూడండి. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి... రోజుకో వేషంతో జనం వీధుల్లోకి వస్తారు. వాళ్లెవరూ వృత్తి నటులు కారు. గడప దాటి వేషంలోకి, వేషం దాటి గడపలోకి వచ్చిపోవడం ఇక్కడివాళ్లకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య.

తెర పట్టుకున్న కుర్రాడు

అయితే, ఊరంతా కలిసినా నాటకాన్ని నడిపించేది మాత్రం ఒక చిన్న బృందమే. పట్టుమని ఇరవై మంది కూడా ఉండరు. హార్మోనియం, మద్దెల, తాళాలు, కొన్నిచోట్ల ముఖవీణ. అద్దం ముక్కలు, రంగు కాగితాలు అతికించిన తేలికపాటి చెక్క కిరీటాలు, భుజకీర్తులు. ట్రంకు పెట్టెల్లో పట్టేంత సామాను. అదే వాళ్ల ఆస్తి.

రాత్రి భోజనాలయ్యాక మద్దెల మోగుతుంది. ఆ మోత పక్క ఊళ్లకు పిలుపు. ముందు దేవుడి ప్రార్థన, తర్వాత హాస్యగాడి రాక. ఇద్దరు మనుషులు అడ్డంగా ఒక తెర పట్టుకుంటారు. దాని వెనక నుంచి రాజు పాదాలు, కిరీటం కొస మాత్రమే కనిపిస్తాయి. తానెవరో పాడి చెప్పుకుని, జనాన్ని కాసేపు ఊరించి, అప్పుడు తెర దించి గిర్రున తిరుగుతూ రంగంలోకి దూకుతాడు. యక్షగానం నుంచి వచ్చిన పద్ధతి ఇది. సంప్రదాయంగా ద్రౌపది వేషం కూడా మగవాళ్లే కట్టేవారు.

ఈ విద్యకు బడి లేదు. తండ్రి వెంటో, మేనమామ వెంటో వచ్చిన కుర్రాడు మొదట తెర పట్టుకుంటాడు. ఓ మూల కునుకు తీస్తూనే పద్యాలు చెవినేసుకుంటాడు. తర్వాత సేవకుడి వేషం, ఆపైన అభిమన్యుడు. గొంతు నిలబడితే ఏనాటికో అర్జునుడు. తపస్సు మాను ఎక్కే యోగ్యత ఒక్క ఏడాదిలో రాదు. పాడుతూ ఎక్కాలి... ఎక్కుతూ పాడాలి!

కథ పాతది... నాటకం రోజూ కొత్తదే

వేల ఏళ్ల కథ. ముగింపు అందరికీ తెలుసు. అయినా తెల్లవార్లూ ఎందుకు కూర్చుంటారు? ఈ ప్రశ్నకు జవాబు హాస్యగాడి దగ్గర ఉంది. పద్యం మారదు. కానీ పద్యానికీ పద్యానికీ మధ్య వచనం ఎవరూ రాసిపెట్టింది కాదు. దుర్యోధనుడి కొలువులో నిలబడి హాస్యగాడు నిన్నటి టమోటా రేటు అడుగుతాడు. ఎండిపోయిన బోరు గురించి, ఓట్లప్పుడు కనిపించి మాయమైన నాయకుడి గురించి రాజుకే ఫిర్యాదు చేస్తాడు. ఉభయదారుణ్ణి పేరు పెట్టి పిలిచి ఆటపట్టిస్తాడు. మహారాజు జవాబివ్వలేక నీళ్లు నములుతుంటే జనం గొల్లుమంటారు. ఈ ఊళ్లో పేలిన మాట పై ఊళ్లో పనికిరాదు. అందుకే ప్రతి ఊళ్లోనూ, ప్రతి రాత్రీ అది కొత్త నాటకమే.

పైగా ఇది రెండు భాషలు కలిసిన నేల. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. అంతకు ముందు ఇందులో పెద్ద భాగం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. 2022 ఏప్రిల్‌లో చిత్తూరును విడదీసి తిరుపతి జిల్లాను ఏర్పాటు చేశారు. పటాల మీద గీతలు ఎన్ని మారినా ద్రౌపదమ్మకు సరిహద్దు లేదు. అటు తమిళంలో తెరుకూత్తు, ఇటు తెలుగులో వీధి నాటకం. రెండూ వీధి ఆటలే. అదే తెర, అదే మద్దెల, చివరి రోజు అదే అగ్నిగుండం.

ఈ నేల మీది నాటకం పల్లెలకే పరిమితం కాలేదు. చిత్తూరు పట్నంలో రామ విలాస సభ ఉండేది. సినిమాల్లోకి రాకముందు నాగయ్య వేషాలు వేసింది ఆ సభలోనే. ‘సారంగధర’ లాంటి నాటకాలతో పేరు తెచ్చుకుని, 1938లో ‘గృహలక్ష్మి’తో వెండితెర మీదికి వెళ్లారు. పోతన, త్యాగయ్య, వేమన అంటే ఆయన రూపమే గుర్తొచ్చేంతగా నిలిచిపోయారు. 1965లో పద్మశ్రీ అందుకున్నారు. వెండితెర ఎక్కినా ఆయన పేరు ముందు చిత్తూరు అలాగే ఉండిపోయింది. ఒక చిన్న సభ ఒక మనిషికి ఏమివ్వగలదో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఆ రెండు ఎండాకాలాలు

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్. సరిగ్గా ఊళ్లలో భారతాలు మొదలయ్యే కాలం. పందిళ్లు లేవలేదు. మద్దెలలు మోగలేదు. మరుసటి ఏడు కాస్త తెరిపిన పడుతుందనుకుంటే ఏప్రిల్ నాటికి రెండో అల. వరుసగా రెండు సీజన్లు చేజారాయి.

బయటివాళ్లకు అది ఒక ఉత్సవం వాయిదా పడటమే. బృందానికి మాత్రం ఏడాది తిండి. వీధి నాటకం పన్నెండు నెలల పని కాదు. ఎండాకాలం, దాని వెనకాముందూ కొన్ని నెలలు... అంతే. మిగతా రోజుల్లో సేద్యమో, కూలో, చిన్న వ్యాపారమో చేసుకోవాల్సిందే. ఒకసారి వేరే పనిలో కుదురుకున్న కుర్రాడు మళ్లీ తెర పట్టుకోవడానికి తిరిగొస్తాడన్న నమ్మకం లేదు. నెల జీతం ముందు రాత్రంతా గొంతు చించుకుని పాడే పని ఏపాటిది?

పందిళ్లు మళ్లీ లేచాయి. భారతాలు జరుగుతున్నాయి. కానీ ఇంట్లో టీవీ, చేతిలో సెల్‌ఫోన్, ఉత్సవంలోనే పాటకచేరీ... వీటన్నిటితో పోటీ పడుతూ తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టాలి. అర్జున తపస్సుకు, దుర్యోధన వధకు ఇసుక వేస్తే రాలని జనం వస్తారు. చిక్కంతా వాటి మధ్య రాత్రులతోనే. ఆ రాత్రులు తగ్గితే ఏమవుతుంది? కుర్రాడు అభిమన్యుడయ్యేది ఆ రాత్రుల్లోనే. చిన్న వేషాలకు చోటు లేనిచోట పెద్ద వేషగాడు పుట్టడు.

సరిహద్దు దాటితే...

ఈ చిక్కుకు పక్కనే, కాంచీపురం ప్రాంతంలో ఒక జవాబు వెతికారు. కూత్తు కుటుంబంలో పుట్టిన నటుడు, నాటక రచయిత పి.రాజగోపాల్, నెదర్లాండ్స్ నుంచి వచ్చిన పరిశోధకురాలు హన్నే డి బ్రూయిన్ అక్కడ కట్టైక్కూత్తు సంగం నడిపారు. అది 1990లో మొదలైంది. ఆడేవాళ్లే కలిసి పెట్టుకున్న సంఘం అది. 2002లో గురుకులం తెరిచి పిల్లలకు పగటి చదువుతో పాటు ఆట, పాట, వేషం నేర్పారు. తరతరాలుగా మగవాళ్లదే అయిన రంగంలోకి ఆడపిల్లల్నీ తీసుకొచ్చారు. పాత కథలతో ఆగిపోకుండా కొత్త నాటకాలు రాసి ఆడించారు. కర్ణాటక సంగీత విద్వాంసుడు టి.ఎం.కృష్ణ బృందంతో కలిసి ఒకే వేదిక మీద ప్రదర్శన ఇచ్చారు. గురుకులం 2020లో మూతపడింది. కానీ చదువా, నాటకమా అని పిల్లలు ఏదో ఒకటే ఎంచుకోనక్కర్లేదని ఆ పద్దెనిమిదేళ్లూ చూపించింది.

జర్మనీలోని ఒబెరామెర్‌గావ్ అనే పల్లెది ఇంకో దారి. మహమ్మారి నుంచి కాపాడితే క్రీస్తు కథ ఆడతామని 1633లో మొక్కుకున్నారు. 1634లో మొదటిసారి ఆడారు. సుమారు పదేళ్లకోసారి ఊరివాళ్లే నటులై ఆడే ఆ నాటకం చూడటానికి ప్రపంచం కదిలొస్తుంది. 2020లో ఆడాల్సింది కొవిడ్ వల్ల 2022కి జరిగింది. అయినా ఆగలేదు. ఎందుకంటే ఆ నాటకం ఏ ఒక్క బృందానిదో కాదు, ఊరిది.

మన పల్లెల్లోనూ ఆ బలం ఉంది. పందిరికీ, దీపాలకూ ఉభయదారులు దొరుకుతున్నారు. తెర పట్టుకునే కుర్రాడి చదువుకు, సీజన్ కాని నెలల్లో వాడికి నేర్పే గురువుకు కూడా ఒక ఉభయదారు దొరికితే? అదేం పెద్ద ఖర్చు కాదు. పందిట్లో ఇంకో గుంజ పాతినంత!

గద దెబ్బ

పద్దెనిమిదో రోజు. మైదానంలో మట్టితో చేసిన దుర్యోధనుడు వెల్లకిలా పడుకుని ఉంటాడు. పెద్ద పెద్ద కళ్లు, మెలి తిరిగిన మీసాలు, చేతిలో గద. ఆ మట్టి దేహం చుట్టూ, ఒక్కోసారి దాని మీదికే ఎక్కి, భీముడూ దుర్యోధనుడూ పద్యాలతో కలబడతారు. రాత్రుల తరబడి పాడిన గొంతులు బొంగురుపోయి ఉంటాయి. ఎవరూ పట్టించుకోరు. తొడ మీద గద పడుతుంది. ఎర్రటి నీళ్లు చిమ్ముతాయి. ద్రౌపది జుట్టు ముడుచుకుంటుంది. సాయంత్రం కంకణాలు కట్టుకున్న భక్తులు పసుపు బట్టలతో నిప్పులు తొక్కుతారు. మర్నాడు ధర్మరాజుకు పట్టాభిషేకం.

జనం ఇళ్లకు మళ్లుతారు. మట్టి దుర్యోధనుడు వానలకు కరిగి మళ్లీ నేలలో కలిసిపోతాడు. ట్రంకు పెట్టెలు సర్దుకుని బృందం ఇంకో ఊరి దారి పడుతుంది. కిరీటాల పెట్టె నెత్తిన పెట్టుకుని వెనకే నడిచే ఆ తెర కుర్రాడు... వచ్చే ఏడు కూడా వస్తాడా?

వాడొస్తేనే మళ్లీ అర్జునుడు మానెక్కేది.