డిక్రీ అమలున నోటీసు జారీ : కోలారు బంగారు గనుల ప్రాంతము

అప్పు నిజమని తేల్చి న్యాయస్థానము డిక్రీ నిచ్చినంత మాత్రమున ఋణదాతకు సొమ్ము ముట్టదు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడులోని 21వ ఆర్డరు ననుసరించి అతడు మరల అమలు దరఖాస్తు పెట్టుకొనవలెను. దానికి 12 ఏండ్ల గడువు కలదు. డిక్రీ యిచ్చి రెండేండ్లు దాటినచో ఋణికి నోటీసు పంపనిదే అమలు సాధారణముగా సాగదు. ఋణిని సివిలు జైలుకు పంపగోరినపుడును కారణము చూపుమని ముందుగా నోటీసు వెళ్లవలెను. స్త్రీలను మాత్రము ధన డిక్రీ క్రింద నిర్బంధించుటకే వీలు లేదు.

కావున కోర్టు బంట్రోతు చేతిలోని ఆ కాగితము ఎవరికి, ఎట్లు చేరినదన్నదే ముఖ్య ప్రశ్న. కోలారు గనులలో ఈ ప్రశ్న కొంత జటిలమైనది. 1880లో జాన్ టేలర్ సంస్థ ప్రవేశించిన పిదప, కూలికై వచ్చిన తెలుగు, తమిళ కుటుంబములు కంపెనీ లైనులలో కాపురముండినవి. ఇండ్లన్నియు ఒకే పోలిక. ఒక్క లైనులోనే ఇద్దరు మునిస్వాములుండుట వింత కాదు. ఋణి కాగితము పుచ్చుకొననన్నచో బంట్రోతు దాని ప్రతిని వీధితలుపునకు అంటించి, ఇల్లు చూపినవారి పేరు, సాక్షుల పేర్లు వ్రాసి కోర్టుకు నివేదింపవలెను. ఆ నివేదికలో ఈ వివరములు లేకున్నచో జారీని ప్రశ్నింపవచ్చును. కాగితము ముట్టకున్న వ్యాజ్యము నిలిచిపోవునను నమ్మకము మాత్రము కొంపలు ముంచునట్టిది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను. నాటినుండి వేలాది మంది వేకువ రైలున బెంగుళూరికి పోయి రాత్రికి మరలుచున్నారు. పగలు వచ్చిన బంట్రోతునకు ఇంట ఇల్లాలే కనబడును. కలిసి నివసించు వయోజనులగు కుటుంబసభ్యులకు, స్త్రీలైనను, కాగితము నీయవచ్చునని చట్టము చెప్పుచున్నది; కాని ఋణి తగిన సమయములో ఇంట దొరకు అవకాశము లేనపుడే అట్లు చేయవలెను. ప్రతి రాత్రి ఇల్లు చేరువాడు దొరకనివాడెట్లగును? ఈ వాదము త్రోసివేయదగినది కాదు. పనిమనిషికిచ్చిన కాగితము కుటుంబమునకిచ్చినట్లు కానేకాదు.

జప్తు విషయమున కూలివానికి గట్టి రక్షణ గలదు. 60వ సెక్షను కూలీల వేతనమును జప్తునుండి పూర్తిగా మినహాయించినది; నిపుణుడగు కూలియు ఇందు చేరును. భవిష్యనిధియు, గ్రాట్యుటీయు, వంటపాత్రలు, పరుపులు, వృత్తి పనిముట్లును జప్తు కావు. జీతగాని సంగతి వేరు. భరణపు డిక్రీలు తప్ప తక్కినవానిలో జీతమునందు మొదటి 1,000 రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు మినహాయింపు. నెలకు 16,000 వచ్చువానికి 11,000 భద్రము. 5,000 జప్తు కావచ్చును. ఒకే డిక్రీకై 24 నెలలు జప్తు జరిగిన పిమ్మట ఆ డిక్రీకి ఇక జీతమును తాకరాదు. కోర్టు ఉత్తరువు అందిన యజమాని సొమ్ము పట్టి పంపకున్నచో తానే బాధ్యుడగును.

ఇక భాష. సమనులు, నోటీసులు కన్నడముననో ఇంగ్లీషుననో వచ్చును. ముళబాగిలు, శ్రీనివాసపురము తాలూకాలలో తెలుగు మాత్రమే చదువ నేర్చిన వృద్ధులు వానిని పంచాంగమునందు దోపి మరచుట కలదు. వాయిదాకు పోనందున ఏకపక్ష డిక్రీ పుట్టును. దానిని రద్దు చేయుమని కోరుటకు డిక్రీ తేదీ నుండి 30 దినములే గడువు. సమను సక్రమముగా జారీ కానిచోటనైతే ఆ 30 దినములు డిక్రీ సంగతి తెలిసిన నాటినుండి లెక్కింతురు. వాయిదా తేదీ ముందే తెలిసి, హాజరగుటకు తగిన వ్యవధి యున్నవానికి జారీలోని చిన్న లోపము అక్కరకు రాదు.