వాయువులో దాగిన నీరు

వానకాలమున ఉప్పుజాడీ మూత తీసిన గృహిణికి గాలిలో నీరున్నదని వేరుగ చెప్పనక్కరలేదు. ఉప్పు చెమ్మగిల్లును. వేయించి ఉంచిన అప్పడములు మెత్తబడును. తలుపుచెక్కలు ఉబ్బి గడియ పడకుండును. కంటికి కనబడని ఆవిరి ఇన్ని పనులు చేయుచున్నది. అయితే తేమ ఉన్నదని తెలియుట వేరు, ఎంత ఉన్నదో తెలియుట వేరు. ఆ వాయువు ఒకచోట నిలువక, ఇనుప గొట్టములో గొప్ప ఒత్తిడితో పరుగెత్తుచున్నప్పుడు అందలి నీటిని కొలుచుట మరింత కష్టము. ఈ పనిని నేడు ఒక సన్నని కాంతికిరణము చేయుచున్నది. అదెట్లో తెలిసికొందము.

ముందుగా, ఈ కొలత ఎందుకు? భూగర్భమునుండి వెలువడు సహజవాయువుతో నీటి ఆవిరియు కలిసి వచ్చును. దానిని ఆరబెట్టిన పిదపనే దూరప్రాంతములకు పోవు గొట్టములలోనికి పంపవలెను. లేనిచో రెండు కీడులు కలుగును. మొదటిది తుప్పు. ఆవిరి చల్లబడి నీరుగ మారి గొట్టము అడుగున చేరును. వాయువులోని బొగ్గుపులుసు వాయువు అందులో కరిగి, ఆ నీటిని పలుచని ఆమ్లముగ మార్చి ఇనుమును తినివేయును. రెండవది గడ్డకట్టుట. మిక్కిలి ఒత్తిడిలో నీరును, సహజవాయువులో ముఖ్యభాగమైన మీథేనును కలిసి మంచువంటి ఘనపదార్థమగును. మామూలు నీరు సున్న డిగ్రీల వద్ద గడ్డకట్టగా, ఇది గాలి ఒత్తిడికి 70 రెట్ల ఒత్తిడిలో సుమారు 10 డిగ్రీల వద్దనే గడ్డకట్టగలదు. గొట్టములను మూసివేయునది ఇట్టి గడ్డయేనని 1934లో అమెరికాలో హామర్‌ష్మిట్ అను శాస్త్రజ్ఞుడు నిరూపించెను.

ఇది దూరదేశపు మాట మాత్రమే కాదు. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున, అప్పటి తూర్పు గోదావరి జిల్లాలోని నగరం అను గ్రామమున సహజవాయువు గొట్టము పగిలి మంటలు చెలరేగినవి. ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. పొడివాయువునకై వేసిన గొట్టములో నీరు కలిసిన వాయువు పారినదనియు, లోపల పట్టిన తుప్పే దానిని బలహీనపరచినదనియు పిదప జరిగిన విచారణ తెలిపినది. కొబ్బరితోటల నడుమ నిదురించుచున్న ఆ యిండ్లవారికి, తమ ప్రక్కనే పోవు గొట్టములో నీరెంత ఉన్నదను ప్రశ్న జీవన్మరణ ప్రశ్నయే.

ఎంత నీరు ఉండవచ్చును? అమెరికాలో వాడుకగా నున్న హద్దు పది లక్షల ఘనపుటడుగుల వాయువునకు 7 పౌనులు. అనగా ఘనపు మీటరునకు సుమారు 110 మిల్లీగ్రాములు. 30 డిగ్రీల వేడిలో తేమతో నిండిన గాలియందు ఘనపు మీటరునకు 30 గ్రాముల ఆవిరి ఉండును. అందులో రమారమి 270వ వంతు మాత్రమే గొట్టములో ఉండవచ్చునన్నమాట. ఇంత స్వల్పమైనదానిని కొలువవలెను.

తేమను కొలుచుటకు పాత సాధనములు లేకపోలేదు. తల వెండ్రుక తేమకు సాగునని కనిపెట్టి, స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు సొస్యూర్ దానితో తేమమాపకమును నిర్మించి, 1783లో ప్రకటించిన గ్రంథమున వర్ణించెను. తడిబట్ట చుట్టిన ఉష్ణమాపకమును, పొడి ఉష్ణమాపకమును ప్రక్కప్రక్కన ఉంచి చూచుట పాఠశాల విద్యార్థులకును తెలిసినదే. అద్దమును క్రమముగ చల్లబరచి, దానిపై మంచుబిందువులు పట్టు వేడిమిని గుర్తించుట మరియొక పద్ధతి. ఇది చాల నమ్మదగినది. కాని సహజవాయువులోని నూనె ఆవిరులు నీటికంటె ముందే అద్దముపై పేరుకొని చూచువానిని భ్రమపెట్టవచ్చును. నీటిని పీల్చుకొను పలుచని పొరలతో చేసిన సాధనములును కలవు. అవి ఒకసారి బాగుగ తడిసినచో మరల ఆరుటకు చాల సేపు పట్టును. పైగా వాయువులోని మలినములు వాటిని చెరుపును. వీటన్నిటికిని ఒకటే లోపము: కొలుచు వస్తువు కొలువబడు వాయువును తాకవలసి యున్నది. తాకకయే కొలువగలిగినది కాంతి.

ఈ ఆలోచన క్రొత్తది కాదు. సూర్యకాంతిని పటకముగుండ పంపినచో ఏర్పడు రంగుల పట్టీలో సన్నని నల్లగీతలు కానవచ్చును. జర్మనీ దేశీయుడు ఫ్రౌన్‌హోఫర్ 1814లో వానిని శ్రద్ధగ పరిశీలించి గుర్తించెను. వానిలో కొన్ని గీతలు సూర్యుడు దిగంతమునకు దిగినప్పుడు మరింత నల్లబడుచుండెను. అప్పుడు కిరణములు మన గాలిలో ఎక్కువ దూరము పయనించును గదా! అందుచే ఆ గీతలు సూర్యునివి కావు, మన గాలివే యని ఊహ కలిగినది. గాలిలో దేనివి? ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఝాన్సెన్ 1866లో పారిస్ నగరపు గ్యాసు కర్మాగారమున 37 మీటర్ల పొడవుగల ఇనుప గొట్టమును నీటి ఆవిరితో నింపించి, దాని ఒక కొన దీపములు వెలిగించి, రెండవ కొననుండి వర్ణదర్శినితో చూచెను. దీపకాంతిలో ఆ గీతలే ప్రత్యక్షమైనవి. గొట్టములోని నీటి ఆవిరి, కాంతిపై తన సంతకమును చేసినది.

ఈ ఝాన్సెన్ మనకు పరాయివాడు కాడు. మరి రెండేండ్లకు, 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకై అతడు గుంటూరు వచ్చెను. సూర్యబింబపు అంచున ఎగయు జ్వాలల కాంతిని వర్ణదర్శినితో పరీక్షించి, అవి ముఖ్యముగ ఉదజనివాయువు జ్వాలలని గ్రహించెను. మరునాడు గ్రహణము లేకయే వానిని చూడగలిగెను. కోటానుకోట్ల మైళ్ళ దూరమున నున్న మంటలోని పదార్థమును కాంతి చెప్పగలిగినప్పుడు, అడుగు వెడల్పు గొట్టములోని నీటిని చెప్పలేకపోవునా?

ఏ పదార్థమో చెప్పుట ఒక మెట్టు. ఎంత యున్నదో చెప్పుట రెండవ మెట్టు. దీనికి ఆధారమైన సూత్రమును 18వ శతాబ్దిలో బూగే, లాంబర్టు అను వారును, 1852లో బీర్ అను వారును తేటపరచిరి. దీపమునకు అడ్డముగ పలుచని మల్లుబట్ట పట్టితిమనుకొందము. మొదటి మడత నూరుపాళ్ళ వెలుగులో పదిపాళ్ళు మ్రింగినచో తొంబది మిగులును. రెండవ మడత ఆ తొంబదిలో పదవవంతు, అనగా తొమ్మిది మ్రింగును, ఎనుబదియొకటి మిగులును. ఇట్లు ఇవతలికి వచ్చిన వెలుగును బట్టి మడతలెన్నో లెక్కింపవచ్చును. వాయువులో మడతలకు బదులు నీటి అణువులున్నవి. కిరణము దాటివచ్చిన దారి పొడవు తెలిసినచో, తరిగిన వెలుగును బట్టి అణువుల సంఖ్య తెలియును.

అయితే మామూలు దీపములో ఒక చిక్కు కలదు. దాని కాంతి అనేక తరంగదైర్ఘ్యములలో చెదరియుండును. నీరు మ్రింగు గీత వెండ్రుకవలె సన్ననిది. మొత్తము వెలుగులో ఆ లోటు కొలతకు అందదు. 1960లో తొలి లేసర్, 1962లో అర్ధవాహక లేసర్ వెలసిన పిదప ఈ చిక్కు తీరు మార్గము దొరికినది. అర్ధవాహక లేసర్ కాంతి ఆ గీతకంటెను సన్ననిది. పైగా దానిలోనికి పంపు విద్యుత్తును కొద్దిగ మార్చినచో తరంగదైర్ఘ్యమును కొద్దిగ జరుపవచ్చును. రేడియో శ్రోతలకిది సులభముగ బోధపడును. మీట త్రిప్పుచు కేంద్రముపైనుండి ముల్లును నడపినప్పుడు ధ్వని వినబడి మరల మాయమగును గదా! అట్లే లేసర్ ముల్లు నీటి కేంద్రముపైనుండి సాగిపోవును. ఆ కేంద్రములలో ఒకటి 1.39 మైక్రోమీటర్ల వద్ద, అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతుకు కొంచెము పైన ఉన్నది. అది కంటికి కనబడని పరారుణ కాంతి. అచట వెలుగు తరుగును. అటునిటు జరిగినచో మరల నిండును.

ఇందులోని సొగసు ఇదియే. గొట్టపు కిటికీ అద్దముపై దుమ్ము పడినచో గీతవద్ద వెలుగును, గీత ప్రక్క వెలుగును సమముగనే తగ్గును. రెంటిని సరిపోల్చినచో దుమ్ము లెక్కనుండి తొలగి, నీరు మాత్రము మిగులును. సెకండులో అనేక పర్యాయములు ఇట్లు సరిచూడవచ్చును. అడుగు వెడల్పు దాటుటకు కాంతికి సెకండులో నూరుకోట్లవ వంతు చాలును గనుక, వాయువెంత వేగముగ పారినను దానికి నిలిచియున్నట్లే.

నీరు మరీ తక్కువగ నున్నచోట దారిని పొడిగింపవలెను. రెండు గుంట అద్దములను ఎదురెదురుగ నుంచి, కిరణమును వానినడుమ పలుమార్లు త్రిప్పుట ఉపాయము. 1964లో హెరియట్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును ఇట్టి అమరికను వివరించిరి. చిన్న పాత్రలోనే పలు మీటర్ల దారి సిద్ధించును.

ఈ పద్ధతికిని జాగ్రత్తలు కలవు. ఒత్తిడి హెచ్చినప్పుడు అణువులు ఒకదానినొకటి ఢీకొని గీతను వెడల్పు చేయును. వేడిమి మారినను గీత బలము మారును. అందుచే ఆ రెంటిని ప్రక్కనే కొలిచి లెక్క సరిచేయవలెను. మీథేను సయితము కొంత కాంతిని మ్రింగును గనుక, అదే వాయువును పూర్తిగ ఆరబెట్టి మరల కొలిచి, రెంటి భేదము తీయుట ఒక పరిష్కారము. నమూనాను చిన్న గొట్టముగుండ తెచ్చునప్పుడు నీరు దాని గోడలకు అంటుకొని, పిదప మెల్లగ విడివడి, గడచిన సంగతిని ఇప్పటిదిగ చూపవచ్చును. కనుక ఆ గొట్టము నున్ననిదై, పొట్టిదై, వెచ్చగ నుండవలెను. సాధ్యమైనచోట కిరణమును పెద్ద గొట్టమునకు అడ్డముగనే పంపుట మేలు.

ఇన్ని చేసినను సాధనము చెప్పునది ఒక అంకె మాత్రమే. ఆ అంకె హద్దు మీరినప్పుడు వాయువును ఆపుట, ఆరబెట్టు యంత్రమును సరిచేయుట మనుష్యుల పని. ఉప్పు చెమ్మగిల్లినదని తెలిసిన గృహిణి జాడీని ఎండలో పెట్టును, తెలిసియు ఊరకుండదు. భూమి క్రింద మన కంటబడక పారు వాయువు విషయమునను అంత మెలకువ అవసరము. చీకటి గొట్టములోనికి చూచు కన్నును కాంతి మనకిచ్చినది. చూచినదానిని లక్ష్యపెట్టుట మన వంతు.